ముట్టినట్లు జవాబు



గడచిన శ్రమకాలములో ఒక ఆదివారము సాయంకాలము, ఆరాధన ముగిసి అందరును ఇండ్లకు వెళ్ళిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరుడు మోటారుసైకిలు వెనుక ఒక రేకుపెట్టెను కట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ పెట్టె అతని తండ్రిది. తండ్రి తంతి ఆఫీసులో జీవితమంతయు పనిచేసి విశ్రాంతి పుచ్చుకొనిన మనిషి. ఊరిలో చిన్నలు పెద్దలు అందరును ఆయనను తంతి మాస్టరుగారనియే పిలిచెడివారు. ఆయన ప్రభువునందు నిద్రించి అప్పటికి 5 నెలలు. పెట్టె మూత తీయగా లోపల పోస్టుకార్డులు, కట్టలు కట్టలుగా, దేశమునకొక కట్ట చొప్పున నూలుదారముతో కట్టియున్నవి. సుమారు 2,000 ఉండును.

"అయ్యగారూ, ఇవి నాన్నకొచ్చిన రేడియో కార్డులు. కొనేవాళ్ళున్నారట. ఒకాయన ఫోన్లో ఫోటోలు చూసి, 11 కార్డులు ఏరుకొని, వాటికి మాత్రం డబ్బిస్తానన్నాడు. తక్కినవి పొయ్యిలో పెట్టుకోమన్నాడు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. అన్నయ్యేమో వద్దంటున్నాడు. అమ్మితే తప్పంటారా?" అని అతడు అడిగెను.

సెమినరీలో మాకు నేర్పిన నీతిశాస్త్రములో ఆస్తిని గూర్చియు, అబద్ధమును గూర్చియు, వడ్డీని గూర్చియు అధ్యాయములున్నవి గాని పాత పోస్టుకార్డులను గూర్చిన అధ్యాయము లేదు. కాబట్టి ఆ రాత్రి అతనికి జవాబు చెప్పలేక, పెట్టెను మా యొద్దనే ఉంచుకొంటిమి. ఉంచుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. దానిని తరువాత చెప్పుదుము. ముందుగా ఈ కార్డులేమిటో తెలిసికొనక తీర్పు తీర్చుట న్యాయము కాదు.

జీతమునకు గాక సరదాకై, ప్రభుత్వమువారి పరీక్ష ప్యాసై లైసెన్సు పొంది, ఇంటిలోనే రేడియో యంత్రము పెట్టుకొని దూరదేశములవారితో మాటలాడు జనులు లోకమంతట నున్నారు. వారిని హాములందురు. ఒక్కొక్కరికి అక్షరములును అంకెలును కలిసిన పిలుపు గుర్తు ఉండును. మన దేశపు గుర్తులు చాలవరకు వి.యు. అను అక్షరములతో మొదలగును. ఒక హాము మరియొకనితో మాటలాడిన పిమ్మట అతనికి పోస్టుకార్డు వ్రాయును. దానిపేరు క్యు.ఎస్.ఎల్. కార్డు. ఆ మూడు అక్షరములు ఏ మాటకును పొడి అక్షరములు కావు. భిన్నభాషల ఓడలవారు ఒకరినొకరు గ్రహించుకొనుటకు క్యు అను అక్షరముతో ఆరంభమగు గుర్తుల పట్టికనొకటి 1912లో లండనులో జరిగిన అంతర్జాతీయ రేడియో సభ అంగీకరించెను. అందులో క్యు.ఎస్.ఎల్. అనగా "నీవు పంపినది నాకు ముట్టినది" అని భావము. అడుగునప్పుడు "నీకు ముట్టినదా?" అని భావము. మన పోస్టాఫీసులో పూర్వము రిజిష్టరు ఉత్తరమునకు తిరిగివచ్చుచుండిన రసీదువంటిదన్నమాట.

కార్డు మీద వ్రాయవలసినది కొంచెమే. ఎవరి గుర్తు ఎవరికి, ఏ తేదీన, గ్రీన్విచ్ గడియారము ప్రకారము ఎన్ని గంటలకు, ఏ తరంగము మీద, ఎంత స్పష్టముగా వినబడెను అనునవియే. వినికిడిని మూడంకెలలో చెప్పుదురు. మొదటి అంకె 1 మొదలుకొని 5 వరకు, మాట తెలిసిన తీరు. రెండవది 9 వరకు, బలము. మోర్సు సంకేతములైతే మూడవది, ధ్వని శుద్ధత. కాబట్టి 599 అనగా మిక్కిలి చక్కగా వినబడితివని అర్థము. కడపట 73 అని వ్రాయుదురు, అనగా శుభాకాంక్షలు. కార్డు రెండవ ప్రక్క ఎవరి ముచ్చట వారిది. ఒకడు తన ఊరి వంతెనను అచ్చు వేయించును, మరియొకడు తన గుర్తును ఎర్రని పెద్ద అక్షరములతో వేయించును, బీదవాడు రబ్బరు ముద్ర కొట్టును.

అమెరికాలో 1916లో బఫెలో పట్టణపు 8 వి.ఎక్స్. అను స్టేషను ఫిలడెల్ఫియాలోని 3 టి.క్యు. అను స్టేషనుకు పంపిన కార్డును మొదటివానిలో నొకటిగా చెప్పుదురు. మరుసటి సంవత్సరమే ఆ దేశము యుద్ధములో చేరుటచే హాముల యంత్రములన్నియు మూయబడి, 1919లో గాని తిరిగి తెరువబడలేదు. అంతకుముందే, 1912లో, అక్కడి చట్టము వారికి 200 మీటర్లకు లోబడిన పొట్టి తరంగములను మాత్రమే వదలిపెట్టెను. ఏలయనగా అవి దూరము పోవని, దేనికిని పనికిరావని ఆ కాలపు పండితులు తలంచిరి. ఇల్లు కట్టువారు పారవేసిన రాయి మూలకు తలరాయి యైనట్లు, ఆ పనికిరాని తరంగములే ఆకాశమందలి విద్యుత్పొరను తాకి క్రిందికి వంగి భూగోళమంతయు చుట్టివచ్చునవని తరువాత తేలెను.

అయితే అది తేల్చుట ఎట్లు? ఇక్కడనే కార్డు అవసరము కలిగినది. 1921 డిసెంబరులో అమెరికా హాముల సంఘమువారు పాల్ గాడ్లీ అను నిపుణుని స్కాట్లండులోని ఆర్డ్రోసన్ సముద్రతీరమునకు పంపిరి. చలిలో, వర్షములో, గుడారము వేసికొని ఆయన రాత్రులు విని, సముద్రమునకు అవతలనున్న తన దేశపు హాముల సంకేతములను పట్టుకొనెను. ఆయన ఒంటరిగా వినలేదు. మార్కోని కంపెనీ ఉద్యోగి యొకడు సాక్షిగా ప్రక్కన కూర్చుండెను. 1923 నవంబరు చివర ఫ్రాన్సులోని నీస్ పట్టణమునుండి లియాన్ డెలాయ్, అమెరికానుండి ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్జ్ అనువారు నూరు మీటర్ల చేరువ తరంగములపై ఇరువైపుల మాటలాడిరి. 1924 అక్టోబరు 18న న్యూజీలండులోని షాగ్ వ్యాలీలో గొఱ్ఱెల మంద గల ఫ్రాంక్ బెల్ అను రైతు, లండనులోని మిల్ హిల్ పాఠశాలలో చదువుచున్న సెసిల్ గాయ్డర్ అను కుఱ్ఱవాడు, భూమికి ఒక అంచున ఒకరు, రెండవ అంచున ఒకరు, మోర్సు మీటలతో పలకరించుకొనిరి. గొఱ్ఱెల కాపరులకు రాత్రివేళ ఆకాశమునుండి వర్తమానము వచ్చుట క్రొత్త కాదు గాని, ఈయన జవాబు కూడ పంపెను.

గాలిలో పోయిన మాటకు ఆనవాలుండదు. విన్నవాడు "నేను వింటిని" అని తన చేతితో వ్రాసి ఇచ్చువరకు, పలికినవాని మాట ఒంటి సాక్ష్యమే. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనని ధర్మశాస్త్రములో మనము చదివియున్నాము గదా. అపొస్తలుడైన పౌలు ఇతరులచేత పత్రికలు వ్రాయించియు, కడపట తన చేవ్రాత ఉంచుట ఎందుకు? ఆయన పేరిట ఎవరెవరో ఉత్తరములు పుట్టించు కాలమది. హాముల లోకములో ఒక నానుడి కలదు, సంభాషణకు కడపటి మర్యాద కార్డేనని. అది సాక్ష్యము, అది మర్యాద కూడ. ఈ రెండును కలిసియున్నంతకాలము ఆ కార్డు చిన్నదైనను గొప్పది.

అవి ఎప్పుడు విడిపోయెను? మా ఆలోచన చెప్పుదుము, తప్పైన దిద్దవచ్చును. 1937లో అమెరికా సంఘమువారు నూరు దేశములతో మాటలాడినట్లు కార్డులు చూపినవారికి ఒక యోగ్యతాపత్రము ఏర్పరచిరి. అందులో దురుద్దేశమేమియు లేదు. పిల్లలకు వాక్యములు కంఠస్థము చేయించుటకు మన సండేస్కూలులో బహుమానములు పెట్టమా? అయితే ఆ దినమునుండి కార్డు మర్యాదయే గాక నాణెమును ఆయెను. 99 దేశములు దొరికినవాడు ఆ ఒక్కదానికై రాత్రులు మేలుకొనును. తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి కథ మనకు తెలిసినదే. ఆ కాపరి గొఱ్ఱె నిమిత్తము వెదకెను. ఇతడు లెక్క నిమిత్తము వెదకును. అడుగులు ఒక్కటే, దారి ఒక్కటే, నిద్ర లేమియు ఒక్కటే.

లెక్క వచ్చిన చోటికి దొంగ కూడ వచ్చును. ఎన్నడును వెళ్ళని దీవినుండి మాటలాడుచున్నట్లు నటించు వేషధారులుండిరి. అట్టివానిని హాములు "స్లిమ్" అను ముద్దుపేరుతో పిలుతురు. 1960ల దశకములో ప్రసిద్ధుడైన ఒకడు చేసితినన్న యాత్రలలో కొన్నిటిని సంఘమువారు విచారించి లెక్కలోనుండి కొట్టివేయవలసి వచ్చెను. తపాలా ఖర్చులకై కవరులో పెట్టిన డాలరు నోటునకు ఆశపడి దారిలో కవరు చింపువారును కలరు. ఇవన్నియు మనుష్య స్వభావమే గనుక వీటిని గూర్చి విస్తరించి వ్రాయము.

ఇప్పుడు మా సహోదరుని ప్రశ్నకు వత్తుము. తనతో ఎన్నడును మాటలాడనివాడు, తన పేరు లేని పాత కార్డును, వెల యిచ్చి కొనుట ఎందుకు? మొదట మాకు ఇది వింతగా తోచెను. పెట్టెలోని కార్డులను ఒక వారము రాత్రులు చూచిన పిమ్మట వింత తగ్గెను.

ఆ కట్టలలో ఇప్పుడు లేని దేశములున్నవి. సోవియట్ రష్యా కార్డులన్నిటికి ఒక్కటే చిరునామా, మాస్కో, పోస్టుబాక్సు 88. అంత విశాలమైన దేశములో ఏ మూల హాము పంపినను, ఏ మూలకు వచ్చినను కార్డు ఆ ఒక్క పెట్టె గుండ పోవలసినదే. ఆ దేశము 1991లో లేకపోయెను. తూర్పు జర్మనీ కార్డులున్నవి. అదియు 1990లో లేకపోయెను. యోర్దాను రాజు హుస్సేను గారి గుర్తు జె.వై.1. ఆయన రాజవస్త్రములు లేకుండ, రాజబిరుదులు లేకుండ, సామాన్యులతో సామాన్యునిగా మాటలాడెడివారని ప్రసిద్ధి. 1999లో మరణించిరి. నేపాలులో పాఠశాల స్థాపించిన అమెరికా పాదిరి ఫాదర్ మార్షల్ మోరాన్ గారి గుర్తు 9 ఎన్.1 ఎం.ఎం. బహుకాలము ఆ దేశమునుండి వినబడిన స్వరము దాదాపు ఆయనదొక్కటే. రోమను సంఘపు గురువైనను, ఎం.ఎం. అనుటకు మిక్కీ మౌస్ అని చెప్పి నవ్వించెడివారు. 1992లో మరణించిరి. తంతి మాస్టరుగారికి ఆ కార్డనిన ప్రాణము. జ్వరముతో పడుకొనియున్న దినములలో కూడ మాకు చూపి, "ఈయన ఏ సంఘమైతేనేం పాస్టరుగారూ, పిలిస్తే పలికాడు" అనెడివారు.

మాస్టరుగారి పెట్టెలో లేనిది, కూర్చువారందరు కోరునది, టిబెట్టు కార్డు. రాబర్ట్ ఫోర్డ్ అను ఇంగ్లీషు యువకుడు టిబెట్టు ప్రభుత్వమువారి కొలువులో రేడియో పనికి కుదిరి, తూర్పు సరిహద్దున చామ్‌డో అను పట్టణములో నుండెను. పని తీరిన వేళలలో ఎ.సి.4 ఆర్.ఎఫ్. అను గుర్తుతో లోకమును పలకరించెడివాడు. అట్టి మారుమూల ప్రదేశమునుండి ఒక పలుకు వినబడినచో హాములకు పండుగ. వందలమంది ఒకేసారి పిలిచెడివారు. ఆ కొండల నడుమ స్వదేశమునకు దూరముగా నున్న అతనికి ఆ పిలుపులు ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును. 1950 అక్టోబరులో చీనా సైన్యము చామ్‌డోను పట్టుకొనినప్పుడు అతడును పట్టుబడెను. గూఢచారియని నేరము మోపి, 1955 వరకు, ఇంచుమించు 5 సంవత్సరములు చెరలో ఉంచిరి.

చదువరులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఆ కార్డు నేడు ఎందుకు అపురూపము? ఆ దేశమునుండి ఆ పలుకులు ఆగిపోయినందున, పలికినవాడు చెరలో పడినందున. ఒక మనుష్యుని కీడు కాగితమునకు వెల పెంచినది. కొనువాడు ఆ కీడును కోరెనని మేము అనము. అయితే దానిని అద్దములో పెట్టి అతిథులకు చూపుచు వెల మాత్రమే చెప్పి, ఆ 5 సంవత్సరములను గూర్చి చెప్పనివాడు ఆ కార్డును చదువలేదనియే మా అభిప్రాయము. చెప్పినవాడో, అతడు చదివెను. అతని చేతిలో ఆ కార్డు ఇంకను సాక్ష్యమిచ్చుచున్నది.

మరియొక సంగతి మన దేశములోనే జరిగెను. అండమాను దీవులలో హాములకు చాలకాలము అనుమతి లేకుండెను. 1983లో హైదరాబాదులో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరపున, భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున, 2004 డిసెంబరులో కొందరు పోర్టుబ్లెయిరు వెళ్ళి అక్కడనుండి మాటలాడసాగిరి. లోకమంతట హాములు ఆ దీవి కార్డు కొరకు ఒకరిమీద ఒకరు పడి పిలిచిరి. డిసెంబరు 26న, క్రిస్మసు మరునాటి ఉదయము, భూమి కంపించి సముద్రము ఊళ్ళమీదికి వచ్చెను. టెలిఫోనులు పోయెను. కార్డుల కొరకు పెట్టిన ఆ యంత్రములే, బ్రదికియున్నారా లేదా అను కబురులు మోయుటకు తిరిగెను. ఆ యాత్రకు సంబంధించిన కార్డు, వి.యు.4 ఆర్.బి.ఐ., మాస్టరుగారి పెట్టెలో ఒకటి యున్నది. కొనువాడు ఏరిన 11లో అదియు ఒకటి.

ఇతరుల ఉత్తరములు చదువుట తప్పు గదా, ఇతరులకు వచ్చిన కార్డులు కూర్చుట తప్పు కాదా అని మా యింటిలోనే ప్రశ్న లేచెను. పోస్టుకార్డు బహిరంగముగా పోవునది. దారిలో ఎవరైనను చదువగలరని వ్రాసినవాడు ఎరిగియే వ్రాసెను. కాబట్టి అందులో దొంగతనము లేదు. అయితే కార్డు ఎవరి సొత్తు అనునది వేరు ప్రశ్న. మా మందిరపు వివాహ రిజిష్టరు బీరువాలో, మా తాళము క్రింద ఉన్నది. పుస్తకము సంఘమువారిదే. దానిని ఉంచుకొనినంతమాత్రమున ఆ పెండ్లిండ్లు మావి కావు. పాత కార్డు కొనువాడు కూడ అట్టివాడే. అట్టముక్క అతనిదగును, ఆ రాత్రి పలుకు అతనిది కాదు. ఈ భేదము ఎరిగి ఉంచుకొనువాడు కాపలాదారుడు. వియన్నా పట్టణములో డోకుఫుంక్ అను పత్రభాండారము ఒకటి కలదు. మరణించిన హాముల ఇండ్లనుండి వచ్చిన పెట్టెలను చేర్చి, లక్షల కొలది కార్డులను అక్కడ భద్రపరచుచున్నారు. మరణించిన హామును వారు "మూగబోయిన మీట" అందురు. ఇంటివారికి ఆ పెట్టె భారము. పారవేయుటకు మనసు రాదు, ఉంచుటకు చోటు లేదు. కొనువాడు వచ్చి అపురూపమైనవి పది తీసికొని, తక్కినది పొయ్యిపాలు చేయుమనును.

మాకు ఎక్కువ బాధ కలిగించినది ఆ పొయ్యి మాటయే. అపురూపము కానివేవి? జపానువి, ఇటలీవి, అమెరికావి, వందలకొలదిగా దొరకునవి. కాని వాటిలో ఒక్కొక్కటి ఒక రాత్రి. ఒక జపాను బడిపంతులు, 1970ల నాటి కార్డులో, తన ఊరిలో మంచు కురియుచున్నదని, మీ యొద్ద ఎండయా అని వ్రాసెను. దానికి సంతలో వెల లేదు. మాస్టరుగారు దానిమీద పెన్సిలుతో, మల్లెలు పూచినవని జవాబిచ్చితినని వ్రాసికొనిరి.

ఇక మేము పైన దాచిన సంగతి చెప్పవలెను. చెప్పుట మాకు సిగ్గు. అయినను పుల్పిటు మీద ఇతరుల తప్పులను గూర్చి పలికెడు నోరు తన సంగతి దాచుట మంచిది కాదు.

నాలుగేండ్ల క్రిందట మాస్టరుగారు ఒక పొట్లము తెచ్చి మాకిచ్చిరి. అందులో ఆయన వ్రాసిన 43 కార్డులుండెను. ఎక్కువ కార్డులు పంపు హాములు విడివిడిగా స్టాంపులు అంటింపక, తమ దేశపు సంఘముద్వారా కట్టగా పంపుట వాడుక. ఆయనకు అప్పటికే మోకాళ్ళు సాగకుండెను. మేము మహాసభకు పట్టణము వెళ్ళుచుంటిమి. "పాస్టరుగారూ, పెద్ద పోస్టాఫీసులో రిజిష్టరు చేయించి పంపండి, ఇక్కడివాళ్ళు జాగ్రత్తగా చూడరు" అని రూకలు కూడ లెక్కపెట్టి యిచ్చిరి. మహాసభలో కమిటీలు, ఓట్లు, తగవులు. పొట్లము సంచిలో వెళ్ళి సంచిలోనే తిరిగివచ్చెను. వచ్చేవారము పంపుదమని బీరువాలో సండేస్కూలు పుస్తకముల క్రింద పెట్టితిమి. ఆ వచ్చేవారము రాలేదు. ఆయన ఒకసారి "పంపారా?" అని అడిగినట్లు మాకు లీలగా జ్ఞాపకము. మేమేమి చెప్పితిమో జ్ఞాపకము లేదు. జ్ఞాపకము లేకపోవుట మాకు అనుకూలముగా నున్నదని మేమెరుగుదుము.

రేకుపెట్టె అడుగున మాస్టరుగారి లాగ్‌బుక్కు ఉండెను. ఏ తేదీ, ఏ గంట, ఎవరు, ఎట్లు వినబడెను అని ప్రతి సంభాషణకు ఒక వరుస. ప్రతి వరుస కడపట, కార్డు పంపిన యెడల ఒక ఎర్రసిరా గుర్తు. ఆ రాత్రి మేము బీరువాలోని పొట్లము తీసి, 43 కార్డులను లాగ్‌బుక్కుతో సరిచూచితిమి. 43 వరుసలకును ఎర్రసిరా గుర్తులున్నవి, పంపబడినవని. ఆయన తంతి మనిషి. లెక్కలో ఒక అక్షరము పొల్లుపోనివ్వని మనిషి. ఆయన జీవితమంతటిలో వ్రాసిన లెక్కలో అబద్ధమైన వరుసలు అవి, వాటిని అబద్ధము చేసినవారము మేము.

శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడు తిరిగివచ్చెను. ఆ తొమ్మండుగురిని గూర్చి మేము ఎన్ని ప్రసంగములు చేసితిమో లెక్కలేదు. వారు కృతఘ్నులని చెప్పితిమి. వారిలో ఒకడు చెప్పవలెననియే తలంచి, వచ్చేవారము వెళ్ళుదమని ఊరకుండెనేమో అని ఎన్నడును మాకు తోచలేదు. ఈ పొట్లము చేతిలో ఉండగా తోచెను. రష్యాలో ఒకడు, బ్రెజిలులో ఒకడు, సిలోనులో ఒకడు, "నీకు ముట్టినదా?" అని అడిగి కూర్చున్నారు. మాస్టరుగారు ముట్టినదని వ్రాసిరి. నడుమ బీరువా తలుపు మూసియున్నది.

మరునాడు సహోదరుని పిలిచి, "తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు నేనొకటి ఒప్పుకోవాలి" అని పొట్లము అతని ముందుంచితిమి. అతడు కోపపడునేమో అనుకొంటిమి. కోపపడలేదు. కార్డులు ఒక్కొక్కటి తీసి తండ్రి చేవ్రాత చూచుచు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నాన్న మంచంలో కూడా టపా రోజు అడిగేవారండీ, ఏమైనా వచ్చాయా అని" అనెను. అంతకంటె కోపపడియుండిన బాగుండెడిది.

హైదరాబాదులో మాస్టరుగారి స్నేహితుడైన ఒక హాముకు టెలిఫోను చేసితిమి. ఆయన చెప్పినదేమనగా, కట్టలుగా పోవు కార్డులు రెండు మూడేండ్లకు చేరుట క్రొత్త కాదు. హాము మరణించిన తరువాత కూడ లాగ్‌బుక్కు ఉన్నయెడల ఇంటివారుగాని స్నేహితులుగాని దానిని చూచి జవాబులు పంపవచ్చును, అది ధర్మమే. ఈ కాలములో చాలమంది కార్డు లేకుండనే కంప్యూటరు ద్వారా నిర్ధారణ చేసికొనుచున్నారు. అమెరికా సంఘమువారు 2003లో అట్టి ఏర్పాటు చేసిరి. అయినను చేతివ్రాత కొరకు ఎదురుచూచువారు ఇంకను ఉన్నారు. "పంపండి అయ్యగారూ, ఆలస్యానికి కార్డు పాడైపోదు" అనెను.

ఒక శనివారము మా భార్యయు, ఆ సహోదరుడును, అతని కుమార్తెయు, మేమును బల్లచుట్టు కూర్చుంటిమి. ప్రతి కార్డు మీద, మాస్టరుగారి చేవ్రాతకు తగులకుండ, అంచున చిన్న అక్షరములతో, వ్రాసినవారు ఇప్పుడు మూగబోయిన మీట యనియు, ఆలస్యము వారిది కాదు వారి పాస్టరుదనియు ఇంగ్లీషులో వ్రాసితిమి. ఆ అమ్మాయి అక్షరములు మా అక్షరములకంటె ముచ్చటగా నున్నవి గనుక చాలవరకు ఆమెయే వ్రాసెను. వ్రాయుచు, "తాతయ్య ఇంతమందితో మాట్లాడారా!" అనెను. తన తాత యంత్రము ముందర కూర్చుండుట ఆమె చూచియే పెరిగెను గాని, అటువైపు మనుష్యులుండిరని ఆ దినము తెలిసినట్లున్నది. ఈ పర్యాయము మేమే పట్టణము వెళ్ళి, కిటికీ ముందు నిలువబడి, రసీదు పుచ్చుకొని, దానిని లాగ్‌బుక్కులో అంటించితిమి.

అమ్ముట విషయమై మేము చెప్పినది ఇది. అమ్ముట పాపము కాదు. పిల్ల చదువు అవసరము, కార్డు అవసరము కాదు. మాస్టరుగారు బ్రదికియుండిన మనుమరాలి ఫీజుకు తామే అమ్మియుందురు. అయితే అమ్ముటకు ముందు ఆ కార్డుల వివరములు లాగ్‌బుక్కునుండి ఎత్తివ్రాసి వాటితోకూడ పంపవలెను, కొనువాడు ఎవరి రాత్రిని కొనుచున్నాడో ఎరిగి కొనును. తక్కినవి పొయ్యికి పోరాదు. అన్న అంగీకరింపక ఏదియు కదలరాదు. చివరి మాట వానికి కష్టముగా తోచెను. అన్నదమ్ముల నడుమ మాటలు లేక రెండేండ్లు. ఆస్తి తగవు కాదు, మరేదో చిన్నది. "మీరే ఒక మాట రాయండి అయ్యగారూ" అనెను. "నీవే రాయి, నేను పోస్టు చేస్తాను" అంటిమి. అతడు మా వంక చూచి నవ్వెను. ఎందుకు నవ్వెనో మాకు తెలియును.

చివరకు 11లో 7 అమ్మిరి. జె.వై.1 కార్డు పోయెను. అండమాను కార్డును అమ్మాయి ఉంచుకొనెను. ఫాదర్ మోరాన్ గారి కార్డుకు ఎక్కువ వెల కట్టలేదు గనుక అమ్మలేదని సహోదరుడు చెప్పెను గాని, కారణము అది కాదని మా తలంపు. ఫీజులో కొంత తీరెను, కొంత మిగిలెను. తక్కిన కట్టలు నూలుదారములతో యథాప్రకారము పెట్టెలోనే ఉన్నవి, పెట్టె మా యింటనే యున్నది. బీరువాలో పెట్టలేదు, ముందుగదిలో కుర్చీ ప్రక్కన పెట్టితిమి.

పంపిన 43కు ఇది వ్రాయునాటికి ఒక్క జవాబు వచ్చెను, సిలోనునుండి. ఆ కార్డు మీద చిరునామా మాస్టరుగారి పేరిటనే యున్నది. అన్నగారు పంటకోతల పండుగకు ఊరికి వచ్చునట. పెట్టె అప్పుడు తెరచెదము.